వేరుపడిన తండ్రి ఆదాయం

భార్యాభర్తలు విడిపోవచ్చు; బిడ్డకు మాత్రం తల్లీ తండ్రీ ఇద్దరూ ఉంటూనే ఉంటారు. ఫిఖ్హ్ గ్రంథాలలో ‘హజానత్’, అంటే బిడ్డను దగ్గర ఉంచుకొని పెంచే హక్కు, ఒక అధ్యాయం. ‘నఫఖా’, అంటే పోషణ వ్యయం, మరొక అధ్యాయం. మొదటిది తల్లి చేతిలో ఉన్నంత మాత్రాన రెండవది తండ్రి మెడ మీది నుండి దిగిపోదు. ఈ రెండింటినీ కలిపివేయవద్దని మేము ప్రతి సంవత్సరం మా విద్యార్థులకు చెబుతూనే ఉంటాము. అమెరికాలో నివసిస్తున్న ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ భేదాన్నే మరొక దారిలో మా ముందుకు తెచ్చింది.

ఆమె పుట్టిల్లు గుంటూరు జిల్లా. కొన్నేళ్ళ క్రితం ఖులా ద్వారా భర్త నుండి విడిపోయారు. అక్కడి కోర్టులో విడాకులు కూడా పూర్తయ్యాయి. కుమార్తె తల్లి వద్దనే పెరిగి, ఇప్పుడు పాఠశాల చివరి తరగతిలో ఉన్నది. తండ్రి వేరొక నగరంలో మంచి జీతం మీద ఉన్నాడు, మళ్ళీ వివాహం చేసుకున్నాడు. కోర్టు నిర్ణయించిన చైల్డ్ సపోర్ట్ నెలనెలా పంపుతాడు. కళాశాల చదువుకు మాత్రం పైసా ఇవ్వనని తెగేసి చెప్పాడు. ఆమె అడిగిన ప్రశ్న ఇది: “మాకు ఇవ్వని డబ్బును మా దరఖాస్తులో ఎందుకు చూపాలి? చూపితే బిడ్డకు రావలసిన సహాయం తగ్గిపోతుంది. తండ్రి ఆచూకీ తెలియదని వ్రాస్తే అది పాపమా? వడ్డీ అప్పు జోలికి పోకుండా బిడ్డను చదివించుకోవాలన్నదే నా తాపత్రయం.”

చివరి వాక్యాన్ని మేము తేలికగా తీసుకోలేదు. అక్కడ కళాశాలలు ఇచ్చే సహాయంలో తిరిగి చెల్లించనక్కరలేని గ్రాంటు ఉంటుంది, చదువుకుంటూ చేసే పని ఉంటుంది, వడ్డీతో కూడిన అప్పు ఉంటుంది. కొన్ని ప్రైవేటు కళాశాలల్లో ఏడాది వ్యయం 80,000 డాలర్లు దాటుతుంది. గ్రాంటు తగ్గిన మేరకు అప్పు పెరుగుతుంది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబానికి గ్రాంటు అనేది అదనపు సౌకర్యం కాదు, ఉన్న ఒకే ఒక దారి. అందువల్ల ఈ ప్రశ్నకు ‘అబద్ధం హరామ్’ అని ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకోవడం మాకు న్యాయంగా తోచలేదు. ఆ ఫారాలు నిజంగా ఏమి అడుగుతున్నాయో ముందు చూడాలి. అక్కడి మస్జిద్‌లో ఇమామ్‌గా ఉన్న మా పూర్వ విద్యార్థి ఒకరికి ఈ వ్యవహారంలో అనుభవం ఉన్నది. ఆయనతో మాట్లాడి, నియమాలు చదివి, ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఫారాలు రెండు. రెండూ అడిగే ప్రశ్న ఒకటి కాదు. ఈ సంగతి తెలియకనే చాలామంది భయపడుతున్నారు.

మొదటిది అక్కడి కేంద్ర ప్రభుత్వపు దరఖాస్తు, ‘ఫాఫ్సా’ అంటారు. పెల్ గ్రాంటు వంటి ప్రభుత్వ సహాయానికి ఇదే ఆధారం. ఆ గ్రాంటు గరిష్ఠంగా 2025–26లో 7,395 డాలర్లు. తల్లిదండ్రులు విడిపోయి వేర్వేరుగా ఉంటున్నప్పుడు ఈ ఫారం ఒక్కరి ఆదాయాన్నే అడుగుతుంది. ఎవరిది? గడచిన పన్నెండు నెలల్లో బిడ్డ ఎవరి ఇంట్లో ఎక్కువ రోజులు ఉన్నదో వారిది అని పూర్వం నియమం. 2024–25 నుండి ఆ నియమం మారింది. ఇప్పుడు చూసేది, ఆ పన్నెండు నెలల్లో బిడ్డకు ఎక్కువ ఆర్థిక పోషణ ఎవరు ఇచ్చారన్నది. ఇద్దరూ సమానంగా ఇచ్చి ఉంటే ఆదాయమూ ఆస్తీ ఎక్కువ ఉన్నవారిది వ్రాయాలి. పన్ను రిటర్నులో బిడ్డను ఎవరు చూపుకున్నారన్నది ఇక్కడ లెక్కకు రాదు.

పోషణ అంటే చేతికిచ్చిన నగదు ఒక్కటే కాదు. నీడ, తిండి, బట్టలు, వైద్యం, వాహనపు వాయిదాలు, చదువు ఖర్చు – అన్నీ అందులోవే. సొంత సంపాదనతో ఇంటి అద్దె కడుతూ, వంట చేసి పెడుతూ, దంతవైద్యుని బిల్లు చెల్లిస్తూ వచ్చిన తల్లి తన పోషణను తానే తక్కువ అంచనా వేసుకుంటుంది. ఆ సోదరి పరిస్థితి చూస్తే ఎక్కువ పోషణ ఆమెదే అయ్యే అవకాశం ఉన్నది. అలాగైతే ఫాఫ్సాలో తండ్రి జీతం వ్రాయనే అక్కరలేదు. ఆయన పంపిన చైల్డ్ సపోర్ట్‌ను మాత్రం, గడచిన పూర్తి సంవత్సరంలో అందిన మొత్తాన్ని, ఆస్తుల భాగంలో చూపాలి. దాచవలసిన అవసరమే లేని చోట దాచాలని ఆమె మథనపడుతున్నారు.

దీనికి మరొక పార్శ్వం కూడా ఉన్నది. బిడ్డ తల్లి ఇంట్లోనే ఉంటున్నా, తండ్రి పంపే సొమ్ము తల్లి పెట్టే ఖర్చును మించిపోతే, ఫాఫ్సాలో తండ్రి ఆదాయమే చూపాలి. ఆయన మళ్ళీ వివాహం చేసుకొని ఉంటే ఆ భార్య ఆదాయమూ కలుస్తుంది. తల్లి మారు మనువు చేసుకొని, ఫారం ఆమె పేరు మీద నడుస్తుంటే, సవతి తండ్రి ఆదాయానిదీ ఇదే సంగతి. ‘ఆ పిల్ల ఖర్చు నాకు సంబంధం లేదని ముందే ఒప్పందం వ్రాసుకున్నాము’ అంటే ఆ ఫారం వినదు.

తలాఖ్ జరిగి, కోర్టు తీర్పు ఇంకా రాని దంపతుల మాట ఇక్కడే చెప్పుకోవాలి. తీర్పు రాకపోయినా నిజంగా వేర్వేరు ఇళ్ళలో ఉంటున్నవారిని విడిపోయినవారిగానే ఆ ఫారం పరిగణిస్తుంది. తిరగవేస్తే, చేతిలో విడాకుల కాగితం ఉన్నా బిడ్డల కోసమని ఒకే కప్పు కింద ఉంటున్న తల్లిదండ్రులు ఇద్దరి ఆదాయమూ చూపవలసిందే. సహాయం కోసం కాగితం మీద మాత్రమే విడిపోయే దంపతులు కూడా ఉన్నారని విన్నాము. వివాహాన్నీ తలాఖ్‌నూ ఆటవస్తువులు చేయడం మన ధర్మంలో ఎంత తీవ్రమైన విషయమో ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. అక్కడి చట్టం తన మాట తాను చెబుతుంది: బుద్ధిపూర్వకంగా తప్పుడు వివరాలిచ్చినవారికి 20,000 డాలర్ల వరకు జరిమానా, లేదా జైలు, లేదా రెండూ.

ఇక రెండవ ఫారం. పేరు ‘సీఎస్ఎస్ ప్రొఫైల్’. దీనిని నడిపేది ప్రభుత్వం కాదు, కాలేజ్ బోర్డ్ అనే సంస్థ. తమ సొంత నిధి నుండి పెద్ద మొత్తంలో గ్రాంట్లు ఇచ్చే కళాశాలలు, ముఖ్యంగా ప్రైవేటు కళాశాలలు, దీనిని కోరుతాయి. వాటిలో చాలా కళాశాలలు బిడ్డ తన వద్ద లేని తల్లి లేదా తండ్రి నుండి కూడా వేరుగా ఒక ప్రొఫైల్ అడుగుతాయి. ఆ సోదరి భయమంతా నిజానికి ఈ ఫారం గురించినదే.

ఫాఫ్సా ‘ఎవరు పోషించారు?’ అని అడుగుతుంది. సీఎస్ఎస్ ప్రొఫైల్ ‘ఎవరికి పోషించే శక్తి ఉన్నది?’ అని అడుగుతుంది. తండ్రి ఇస్తాడా, ఇవ్వడా అన్నది దానికి ప్రధానం కాదు. బిడ్డను చదివించే మొదటి బాధ్యత కన్నవారిది, వారి శక్తి చాలనప్పుడే కళాశాల నిధి ముందుకు వస్తుంది అన్నది ఆ లెక్క వెనుక ఉన్న ఆలోచన. అందుకే ‘కళాశాల ఖర్చు తండ్రి భరించనక్కరలేదు’ అని విడాకుల తీర్పులో వ్రాసి ఉన్నా కళాశాలలు దానికి సాధారణంగా కట్టుబడవు. ఆ తీర్పు ఇద్దరు వ్యక్తుల నడుమ తగవు తీర్చింది. కళాశాల అందులో పక్షం కాదు.

పైన చెప్పిన హజానత్, నఫఖాల భేదం ఇక్కడ గుర్తుకు రాకుండా ఉండదు. తండ్రి తన శక్తి మేరకు ఖర్చు చేయాలన్న ఆదేశం సూరె తలాఖ్‌లో, అంటే విడాకుల గురించిన సూరాలోనే, ఉండడం గమనించదగ్గది. హనఫీ ఫిఖ్హ్‌లో సొంత ఆస్తి లేని కుమార్తె పోషణ ఆమె వివాహం వరకు తండ్రి మీదనే ఉంటుంది. అయితే ఏడాదికి 80,000 డాలర్ల కళాశాల కూడా నఫఖాలో భాగమేనని మేము అనము. నఫఖాకు కొలత తండ్రి శక్తి, లోకాచారం. తక్కువ ఖర్చుతో చదివించే మంచి రాష్ట్ర కళాశాల ఉండగా, ఖరీదైనదే కావాలని తండ్రి మెడ మీద కత్తి పెట్టలేము. కానీ ఫారం నింపి ఇవ్వడానికి తండ్రికి పైసా ఖర్చు కాకపోయినా దానికీ నిరాకరిస్తే, అది ఏ ఫిఖ్హ్‌లోనూ సమర్థించుకోగల పని కాదు.

నిరాకరణకు కారణాలు తరచుగా రెండు. ఫారం నింపితే ఖర్చు భరిస్తానని మాట ఇచ్చినట్లవుతుందన్నది ఒకటి. అలా కాదు, వివరాలు ఇవ్వడం చెల్లింపు ఒప్పందం కాదు. నా జీతం, నా ఇల్లు, నా కొత్త భార్య సంపాదన మాజీ భార్య కంట పడతాయన్నది రెండవది. అదీ కాదు, ఆయన తన సొంత ఖాతాతో వేరుగా నింపుతాడు, అందులోని వివరాలు తల్లికీ బిడ్డకూ కనిపించవు. ఈ రెండు మాటలు తండ్రి చెవిన వేసేవారు లేక ఎన్నో దరఖాస్తులు ఆగిపోతున్నాయని ఇమామ్ గారు చెప్పారు. మాజీ భార్య నోట వింటే ఆయన నమ్మడు. అక్కడ ఒక పెద్దమనిషి అవసరం.

‘ఆచూకీ తెలియదు’ అన్న మాటకు వద్దాము. తండ్రి వివరాలు నిజంగా సంపాదించలేని బిడ్డలకు సీఎస్ఎస్ ప్రొఫైల్‌లో మినహాయింపు కోరే దారి ఉన్నది. ఎన్నో ఏళ్ళుగా తండ్రితో సంబంధమూ సహాయమూ లేకపోవడం, హింస జరిగి ఉండడం, దగ్గరకు రాకూడదన్న కోర్టు ఉత్తర్వు ఉండడం, ఎక్కడున్నదీ నిజంగా తెలియకపోవడం – ఇటువంటివి కారణాలుగా అంగీకరిస్తారు. ‘ఇవ్వనంటున్నాడు’, ‘నింపనంటున్నాడు’ అన్నవి సాధారణంగా కారణాలు కావు. ప్రతి కళాశాలా తన నిర్ణయం తాను తీసుకుంటుంది. ఒకటి ఒప్పుకున్నది మరొకటి తిరస్కరించవచ్చు. అభ్యర్థనతో పాటు కుటుంబాన్ని ఎరిగిన బయటి వ్యక్తి వాఙ్మూలం కోరుతారు. ఉపాధ్యాయుడు కావచ్చు, పాఠశాల కౌన్సిలర్ కావచ్చు, మతపెద్ద కావచ్చు. మన వారి విషయంలో ఆ కాగితం తరచుగా ఇమామ్ బల్ల మీదికి వస్తుంది.

మా పూర్వ విద్యార్థి వద్దకు అలాగే ఒక తల్లి వచ్చింది. తండ్రి జాడ లేదని వ్రాసి ఇవ్వమన్నది. ఆ తండ్రి పండుగ నమాజుకు అదే మస్జిద్‌కు వచ్చి, నమాజు తరువాత ఇమామ్‌ను ఆలింగనం చేసుకునే మనిషి. ఇమామ్ గారు వ్రాయనన్నారు. ఆమె ఏడ్చింది, ‘మీరూ మగవాళ్ళ పక్షమే’ అన్నది. ఆ మాట ఆయనను రాత్రంతా నిద్రపోనివ్వలేదట. మర్నాడు ఆయన తండ్రి ఇంటికి వెళ్ళారు. మొదటిసారి టీ ఇచ్చి పంపేశాడు. రెండవసారి తన భయం బయటపెట్టాడు. పైన చెప్పిన రెండు భయాలే. మూడవసారి కూర్చుని ఫారం నింపాడు. వచ్చిన గ్రాంటు, తండ్రిని దాచివుంటే వస్తుందని ఆ తల్లి ఊహించినంత కాదు. ఆ అమ్మాయి మరొక కళాశాలలో, తక్కువ ఖర్చుతో చేరింది. ఈ ముగింపు ఆ తల్లికి పూర్తి సంతోషాన్ని ఇచ్చిందని మేము చెప్పడం లేదు.

వాఙ్మూలం అంటే షహాదత్. స్వయంగా మనకూ, తల్లిదండ్రులకూ, దగ్గరి బంధువులకూ వ్యతిరేకంగా ఉన్నా సాక్ష్యం సత్యంగా పలకాలన్నది సూరె నిసా ఆదేశం. ధనవంతుడని గాని పేదవాడని గాని పక్షపాతం చూపరాదన్న మాట కూడా అక్కడే ఉన్నది. జాలి కూడా సాక్ష్యాన్ని వంచరాదని దాని భావం. అదే ఇమామ్ గారు మరొక అమ్మాయి విషయంలో, తండ్రి చేయి చేసుకోవడం వల్ల ఆ తల్లీ కూతుళ్ళు అర్ధరాత్రి మస్జిద్‌లో తలదాచుకున్న సంగతి తాను చూసింది చూసినట్లు వ్రాసి ఇచ్చారు. అలాంటి చోట ‘ఇంటి గుట్టు’ అని నోరు మూసుకోవడమే తప్పు. పరువు పేరుతో నిజమైన బాధితురాలికి సాక్ష్యం నిరాకరించే పెద్దలు మన సమాజంలో తక్కువేమీ లేరు.

మదరసాలో ఈ చర్చ జరిగినప్పుడు ఒక చురుకైన విద్యార్థి హజ్రత్ హింద్ బిన్త్ ఉత్బా ఉదంతం ఎత్తాడు. భర్త అబూ సుఫ్యాన్ తనకూ బిడ్డకూ చాలినంత ఇవ్వడం లేదని ఆమె మొరపెట్టుకోగా, ఆయన సొమ్ములో నుండి ఆయనకు తెలియకుండానే న్యాయమైన మేరకు తీసుకోవడానికి ప్రవక్త (స) అనుమతించారు. మరి ఈ తల్లికి ఆ వెసులుబాటు లేదా అన్నాడు. ప్రశ్న మంచిదే. హింద్ తీసుకున్నది ఎవరు ఇవ్వవలసి ఉన్నదో అతని సొమ్ములో నుండి. ఇక్కడ తండ్రి ఎగవేసినది కళాశాల నిధిలో నుండి రాబట్టాలని చూస్తున్నాము. ఆ నిధికి హద్దు ఉన్నది. తండ్రే లేని బిడ్డ కూడా దాని కోసమే వరుసలో నిలబడి ఉన్నది. మరొకడు ‘తౌరియా’ మాట తెచ్చాడు: ఈ నిముషంలో ఆయన ఎక్కడున్నాడో నాకు తెలియదు అన్న అర్థంలో వ్రాస్తే? ప్రమాణం చేయించేవాని ఉద్దేశమే ప్రమాణానికి అర్థమన్న నియమం వాడు చదువుకున్నవాడే. మేము వాని ముఖం చూశాము, వాడే నవ్వేశాడు.

మన తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి. తండ్రి హైదరాబాదుకో, గల్ఫ్‌కో తిరిగి వెళ్ళిపోయి ఉండవచ్చు. ఫాఫ్సా నియమం ప్రకారం చూపవలసినది ఆయన ఆదాయమే అయితే, అది ఏ దేశంలో సంపాదించినా డాలర్లలోకి మార్చి చూపాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారు కూడా ఖాతా తెరిచి తమ భాగం నింపే వీలు ఇప్పుడు ఉన్నది. తల్లి పేర ఇక్కడ ఇళ్ళస్థలమో, అద్దెకిచ్చిన ఇల్లో ఉంటే, ఆస్తులు అడిగిన చోట అది కూడా లెక్కే. ‘అది ఇండియాలో ఉన్నది కదా, వాళ్ళకెలా తెలుస్తుంది?’ అన్న మాట మేము మన ఊళ్ళోనే విన్నాము. మీసేవలో ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు చేసేటప్పుడు కౌలు డబ్బు మరచిపోయే అలవాటు విమానం ఎక్కి అక్కడికి కూడా వెళ్ళింది కాబోలు.

హెచ్-4 వీసా మీద ఉన్న బిడ్డలకు కేంద్ర ప్రభుత్వ సహాయం అందదు. అక్కడే పుట్టి పౌరసత్వం ఉన్న బిడ్డకు, తల్లిదండ్రుల వీసా ఏదైనా, దరఖాస్తు చేసుకునే అర్హత ఉన్నది. తల్లికి గ్రీన్ కార్డు లేదని ఆగిపోయిన అమ్మాయిలు ఉన్నారట, ఆగనక్కరలేదు.

ఫాఫ్సా చూసేది రెండేళ్ళ కిందటి పన్ను రిటర్నును. 2026–27కు 2024 నాటిది. విడిపోవడం ఆ తరువాత జరిగివుంటే రిటర్ను ఇద్దరి పేర ఉమ్మడిగా ఉంటుంది. అటువంటప్పుడు కళాశాల ఆర్థిక సహాయ కార్యాలయానికి విడిపోయిన సంగతి తెలిపి, ఆదాయం విడదీసి చూపే పద్ధతి అడగాలి. ఆ తరువాత ఉద్యోగం పోయినా, జీతం తగ్గినా ఆధారాలతో చెప్పుకోవచ్చు. పరిస్థితిని బట్టి లెక్క సవరించే అధికారం ఆ కార్యాలయానికి ఉన్నది. మన ఆడవారు అధికారి ముందు నోరు విప్పడానికి జంకుతారు. ఇక్కడ జంకితే నష్టం బిడ్డకు.

ఆ సోదరికి మేము వ్రాసిన జవాబులో చివరి భాగం ఇది. ముందు ఏడాది పొడుగునా మీరు బిడ్డకు చేసిన ఖర్చు కాగితం మీద వేయండి. ఎక్కువ పోషణ మీదేనని తేలితే ఫాఫ్సా మీ పేరుతోనే నింపండి. అమ్మాయి దరఖాస్తు చేయదలచిన కళాశాలల్లో ఏవి తండ్రి ప్రొఫైల్ కోరుతున్నాయో కాలేజ్ బోర్డ్ జాబితాలో ఉంటుంది. కోరనివి కూడా ఉన్నాయి; వాటిలో కొన్నిటినైనా ఎంచుకోండి. కోరేవాటికి సంబంధించి తండ్రితో మాట్లాడడం మీ పని కాదు, అమ్మాయి పని అంతకన్నా కాదు. మీ ప్రాంతపు ఇమామ్ గారినో, ఆయన గౌరవించే మామగారినో పంపండి. ఫాఫ్సా సాధారణంగా అక్టోబరు 1న తెరుచుకుంటుంది. ముందస్తు ప్రవేశాలకు కొన్ని కళాశాలల గడువు నవంబరులోనే ముగుస్తుంది. ఇమామ్ గారు మూడుసార్లు ఆ ఇంటి గడప ఎక్కవలసి రావచ్చు గనుక, సెప్టెంబరులోనే ఆయనకు కబురు పంపండి.